నాగలక్ష్మమ్మ కాలి మచ్చలు

కోయిలకుంట్లలో జమ్మలమడుగు దారి పట్టుకొని ఎరువుల దుకాణాలు దాటితే ఎడమచేతి పక్క ఒక రేకుల కొట్టం ఉంటుంది. పొగ చూరి గోడలు నల్లబడ్డాయి. తెల్లవారింది మొదలు ఆ కొట్టంలోంచి జొన్నరొట్టెలు తట్టే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగితే నాగలక్ష్మమ్మ ఎవరినో తిడుతోందని అర్థం.

"ఏమప్పా, రొట్టె కావల్లంటే ఆడ నీడకు నిలబడు. నా నెత్తి మింద నిలబడితే బిన్నా కాలుతుందా? ఏం తొందర?"

తిట్టించుకున్నవాడు నవ్వుకుంటూ వెనక్కి జరుగుతాడు. ఆమె తిట్టుకు ఎవరూ కోపగించుకోరు. ఆ తిట్టు వెనకే వేడి వేడి రొట్టె, దాని మీద ఇంత శెనక్కాయల ఊరిమిండి పచ్చడి వచ్చి పడతాయి మరి. యాభై దాటిన మనిషి. గట్టి చేతులు, పెద్ద గొంతు, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. మొగుడు తిమ్మయ్య ఆమెకు పూర్తిగా విరుద్ధం. రొట్టెలు బట్టలో చుట్టి, టీవీఎస్ బండి మీద పెట్టుకొని, బస్టాండు దగ్గరి హోటళ్ళకు ఇచ్చి వస్తాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. ఎవరైనా ఎగతాళి చేస్తే, "ఇద్దరికీ సరిపోయేంత ఆమే మాట్లాడుతుంది గదా" అంటాడు.

రెండేళ్ళుగా హోటళ్ళవాళ్ళు జొన్నరొట్టెలు ఎక్కువగా అడగసాగారు. షుగరున్న వాళ్ళందరూ రాత్రిపూట రొట్టెకు దిగారు. నాగలక్ష్మమ్మకు పొయ్యి ముందర కూర్చునే పొద్దు పెరిగింది. పీట మీద కూర్చొని, ఎడమకాలు మడిచి, కుడికాలు పొయ్యి పక్కగా చాపి, ఉక్కకు చీర మోకాలి దాకా ఎగదోసుకొని తట్టడం ఆమెకు అలవాటు. కూర్చున్నదంటే మధ్యాహ్నం దాకా లేవదు. సాయంత్రం మళ్ళీ అంతే.

ఒకరోజు నీళ్ళు పోసుకుంటుంటే కుడికాలి పిక్క పక్కన ఎర్రగా చారలు కనిపించాయి. ఎర్రమట్టి అంటిందనుకొని రాయి పెట్టి రుద్దింది. పోలేదు. కొన్నాళ్ళకు ఆ ఎరుపు గోధుమరంగుకు తిరిగింది. చారలు ఒకదానితో ఒకటి కలిసి, చేపల వల పరిచినట్టు మడమ పైనుంచి మోకాలి కింది దాకా అల్లుకున్నాయి. దురద లేదు, నొప్పి లేదు. పసుపు రాసింది, వేపాకు నూరి పట్టించింది. చివరికి తిమ్మయ్యను మందుల షాపుకు పంపితే, షాపువాడు కాలు చూడకుండానే ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. అది రాస్తే చర్మం పలచబడి, వేడి తగిలినప్పుడల్లా చురుక్కుమనసాగింది గాని మచ్చలు మాత్రం కదల్లేదు.

ఆ మచ్చల్ని మొదట కనిపెట్టిన బయటి మనిషి ఎదురింటి కృష్ణవేణమ్మ. ఆమెకు భూములున్నాయి, కొడుకులకు వ్యాపారాలున్నాయి, వీధిలో జరిగే ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉంది. రొట్టెల కోసం వచ్చి, వంగి చూసి, రెండు చేతులూ జోడించింది.

"ఏమ్మే నాగలక్ష్మీ, ఇది పాము పొడ. ఆ పొలుసులు చూడు, అచ్చం నాగుబామే! ఈ కొట్టం కట్టేటప్పుడు ఈడ పుట్ట ఉండె గదా?"

తిమ్మయ్య బండికి మూట కట్టుకుంటూ, "అది చీమల పుట్టక్కా" అన్నాడు.

"నీకేం తెల్చప్పా! పాము లేకుండా పుట్ట ఉంటాదా? పేరు కూడా నాగలక్ష్మే. దేవుడు ఈమెను ఎంచుకున్నాడు."

ఆ మాట సాయంత్రానికల్లా సంత వీధి దాటింది. దోషమని కొందరన్నారు, మహిమని కొందరన్నారు. శ్రావణంలో, ఆ పక్క చేసుకునే నాగుల చవితి వచ్చేసరికి మహిమదే పైచేయి అయింది. పుట్టలో పాలు పోసిన ఆడవాళ్ళు, తిరిగి పోయేటప్పుడు పసుపు కుంకుమ పళ్ళేలతో రొట్టెల కొట్టానికి వచ్చారు. ఒకామె నాగలక్ష్మమ్మ చాపిన కాలికి పసుపు పూసి దండం పెట్టింది. ఇంకొకామె ఒక చిన్న గిన్నెలో పాలు పెట్టిపోయింది.

"పిండి చేతులమ్మా, వద్దమ్మా, రొట్టె మాడతాంది" అని నాగలక్ష్మమ్మ మొత్తుకుంది. ఎవరూ వినలేదు. మొదటిరోజు చిరాకుపడింది. రెండో రోజు కాలు కాస్త ముందుకే చాపింది. ఆమెకూ సరదాగానే ఉన్నట్టుంది. దండం పెట్టినవాళ్ళు ఊరికే పోరు కదా, రొట్టెలు కూడా కట్టించుకొని పోయేవాళ్ళు. తిమ్మయ్య ఆ పాలతో టీ కాచుకొని తాగాడు.

పైకి నవ్వుతున్నా లోపల ఆమెకు బెదురుగానే ఉండేది. ఇంతమంది చేత దండం పెట్టించుకున్న ఆ కాలిని నీళ్ళు పోసుకునేటప్పుడు తానే చూసేది కాదు. రక్తం చెడిపోయిందేమో, లోపల ఏదైనా పెద్ద జబ్బు పెరుగుతోందేమో అనుకునేది. ఆసుపత్రికి పోదామని తిమ్మయ్య రెండుసార్లన్నాడు. అంతమంది అమ్మవారని మొక్కాక, చీటీ రాయించుకొని వరసలో నిలబడితే నవ్వుతారేమోనని ఆమె వాయిదా వేసింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం పూట, కోసిగి పక్కనుంచి మిరప నారు నాటే పనికి వచ్చిన హులిగెమ్మ అనే పిల్ల కొట్టం ముందుకు వచ్చింది. నిండా పాతికేళ్ళుండవు. చంకలో ఆరేళ్ళ కూతురు. ఆ బిడ్డ తల తల్లి భుజం మీద వాలిపోయి ఉంది. ఆమె రొట్టెలడగలేదు. వచ్చీ రావడంతోనే బిడ్డను నాగలక్ష్మమ్మ కాళ్ళ దగ్గర పడుకోబెట్టింది.

"తల్లీ నాగమ్మా, నా బిడ్డ శివానికి కూడా నీ మాదిరే మచ్చలు లేసినాయి. చెయ్యి పెట్టు తల్లీ. నీ పేరు చెప్పుకొని ఈడికి నడిసొస్తిని."

నాగలక్ష్మమ్మ చేతిలో రొట్టె పక్కన పెట్టింది. వంగి చూసింది. బిడ్డ కాళ్ళ మీద చారలేమీ లేవు. సూదిమొనతో కుంకుమ చుక్కలు పెట్టినట్టు, సన్నగా, ఎర్రగా, లెక్కలేనన్ని చుక్కలున్నాయి. బొటనవేలితో ఒత్తింది. వేలు తీశాక కూడా చుక్కలు అట్లాగే ఎర్రగా ఉన్నాయి. బిడ్డ పెదవి పక్కన ఎండిన రక్తం మరక ఉంది.

"నోట్లో ఏమయింది?"

"పళ్ళ సందుల్లోంచి వస్తాంది తల్లీ, పొద్దున్నుంచి. జరం మాత్రం తగ్గింది. నిన్నటిదాకా ఒళ్ళు కాలిపోతాండె, ఇప్పుడు సల్లగుండాది. పలుకుతానే లేదు, నిద్రపోతానే ఉండాది."

"ఆసుపత్రికి తీసుకపోయినావా?"

"దాని గేటు ముందర నుంచే వస్తిమి తల్లీ. దుడ్లు అడుగుతారేమో అని భయమాయె. అందరూ నీ దగ్గరికి పొమ్మనిరి."

ఆ మాటకు నాగలక్ష్మమ్మ చాపిన కాలు ముడుచుకుంది. చల్లబడిన బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రి గేటు దాటి తన దగ్గరికి వచ్చింది ఈ పిల్ల. తన పసుపు పూసిన కాలిని నమ్మి.

"లెయ్‌మే, లెయ్! నేను తల్లినీ గాదు, గిల్లినీ గాదు. రొట్టెలు తట్టేదాన్ని. నాకేం తెల్చు! పా, డాక్టరు దగ్గరికి పోదాం పా."

పెనం మీద రొట్టె మాడుతోంది. వరసలో నిలబడ్డవాళ్ళు, "అమ్మా, మా రొట్టెలు?" అంటున్నారు. "మీరే తట్టుకోపోండి" అని ఆమె బిడ్డను భుజాన వేసుకొని రోడ్డు మీదికి ఉరికింది. పోతున్న ఆటోకు అడ్డం నిలబడి ఆపింది. వెనకాల హులిగెమ్మ ఏడుస్తూ ఎక్కింది.

ఆసుపత్రిలో డాక్టరు అవినాష్ అని కుర్రాడు. బిడ్డ కాళ్ళు చూసి, చుక్కల మీద వేలు పెట్టి ఒత్తి, కనురెప్ప పైకెత్తి చూసి, మరు నిమిషంలో రక్తం తీయించాడు. డెంగీ అని తేలింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి.

"జ్వరం దిగిందని నెమ్మదించకూడదమ్మా" అన్నాడు హులిగెమ్మతో. "డెంగీలో జ్వరం దిగేటప్పుడే ప్రమాదం మొదలవుతుంది. ఒత్తినా పోని ఎర్ర చుక్కలు, చిగుళ్ళలో రక్తం, మగతగా పడుండడం, ఇవి కనిపిస్తే ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచకూడదు. నంద్యాలకు పంపిస్తాను. అంబులెన్సుకు మీరేమీ ఇవ్వనక్కరలేదు, అక్కడ వైద్యానికీ అంతే."

హులిగెమ్మకు నంద్యాల ఏ పక్కనుందో కూడా తెలియదు. నాగలక్ష్మమ్మ చెయ్యిని ఆమె వదిలితే కదా! అప్పటికి తిమ్మయ్య టీవీఎస్ మీద అక్కడికి చేరాడు. "పొయ్యి ఆర్పొస్తివా?" అని అడిగింది. తలూపాడు. "అయితే నేను పోతాండా" అని పిండి చేతులతోనే అంబులెన్సు ఎక్కింది.

నంద్యాల పెద్దాసుపత్రిలో శివానికి సెలైన్ పెట్టారు. పూట పూటకూ రక్తం చూశారు. మొదటి రాత్రి గడవడం కష్టంగానే ఉంది. హులిగెమ్మ మంచం కోడు పట్టుకొని కూర్చుంటే, నాగలక్ష్మమ్మ నర్సులందరితోనూ చుట్టరికం కలుపుకొని, ఎవరెప్పుడొచ్చినా "ఏమ్మా, ఎట్లుండాది?" అని అడుగుతూనే ఉంది. రెండో రోజు బిడ్డ కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ఆ మర్నాటికి ఇడ్లీ తిని, ఇంకొకటి కావాలని ఏడ్చింది. ఆ ఏడుపు విని వార్డులో అందరికన్నా గట్టిగా నవ్వింది నాగలక్ష్మమ్మే.

ఆ నవ్వులో చీర కుచ్చిళ్ళు ఎగదోసుకొని కూర్చున్న ఆమె కాలు, పిల్లల డాక్టరు కంట పడింది.

"ఇదెప్పట్నుంచమ్మా?"

"అది... అది నాగదేవత సార్" అన్నది, గొంతు తగ్గించి.

ఆయన నవ్వలేదు. "మీరు కూడా ఒకసారి చర్మం డాక్టరుకు చూపించుకోండి" అని ఒక చీటీ రాసిచ్చాడు.

చర్మం డాక్టరు పేరు మధులత. ప్రొద్దుటూరు పిల్ల, మాటలో ఆ ఊరి యాస ఇంకా పోలేదు. నాగలక్ష్మమ్మను కూర్చోబెట్టి రెండు కాళ్ళూ చూసింది. కళ్ళు మూసుకోమని దూదితో అక్కడక్కడా తాకి, తెలుస్తోందా అని అడిగింది. అన్నిచోట్లా తెలిసింది. జ్వరాలొచ్చాయా, కీళ్ళు నొస్తున్నాయా, ఏమైనా మందులు వాడుతున్నావా అని అడిగింది. నాగదేవత సంగతీ, ట్యూబు సంగతీ బయటపడ్డాయి.

"ఆ ట్యూబును పారెయ్యి. ఏ మచ్చో తెలుసుకోకుండా ఏ మందూ రాయగూడదు. సరే గాని, ఒక్క కాలికే ఉండాదే! అదీ లోపలి పక్క. నువ్వు ఏం పని చేస్తావమ్మా?"

"రొట్టెలు తడతా."

"ఎట్ల కూచుంటావు?"

చెబితే అర్థమవుతుందో లేదోనని నాగలక్ష్మమ్మ కుర్చీ దిగి నేల మీద కూర్చున్నది. డాక్టరు స్టూలును పొయ్యి అన్నది. ఎడమకాలు మడిచింది, కుడికాలు స్టూలు పక్కగా చాపింది, చీర మోకాలి పైకి ఎగదోసి, గాలిలోనే రెండు చేతులతో చకచకా రొట్టె తట్టి, స్టూలు మీద వేసి తిప్పింది. తలుపు దగ్గర వరసలో ఉన్నవాళ్ళు మెడలు సాచి చూశారు. ఒక ముసలాయన, "పెనం కాలిందేమో చూసుకోమ్మా" అన్నాడు. గదంతా గొల్లుమన్నది.

మధులత కూడా నవ్వుతూనే కిందికి వంగి, స్టూలుకు ఎదురుగా ఉన్న పిక్కను వేలితో చూపించింది. మచ్చలు సరిగ్గా ఆ మేరకే ఉన్నాయి.

"అమ్మా, ఇది పాము గాదు. పొయ్యి."

"పొయ్యా?" అన్నది నాగలక్ష్మమ్మ.

"బొబ్బలెక్కేంత వేడి గాదు కాబట్టి నీకు కాలినట్టు తెలీదు. కానీ రోజూ అంతంత సేపు, ఏండ్ల తరబడి ఒకేచోట సెగ తగిలితే, చర్మం కింద ఉండే సన్న రక్తనాళాల అల్లిక మాదిరే రంగు తేలుతుంది. చలికాలం కుంపటి ముందర కూచునే ముసలోళ్ళకూ వస్తాది. నడుము నొప్పికని రోజూ వేన్నీళ్ళ సంచి పెట్టుకునే వాళ్ళకూ, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకొని పని చేసేవాళ్ళకూ చూసినా. సెగ తప్పిస్తే మెల్లగా తగ్గుతాది. నెలలు పడుతుంది. కొంచెం రంగు మిగిలినా మిగలొచ్చు."

"అంతేనా తల్లీ? మందు?"

"సెగకు దూరంగా ఉండడమే మందు. ఇట్లాంటి వల మచ్చలు రక్తంలో తేడా వచ్చినా రావచ్చు, అందుకని ఒకసారి పరీక్ష చేపిస్తాం. ఇంకొకటి గుర్తుపెట్టుకో. ఆ చోట పుండు లేసి మానకపోయినా, గడ్డ మాదిరి గట్టిపడినా, ఆలస్యం చేయకుండా రా. ఎప్పుడో ఒకరికి గాని జరగదు, కానీ కనిపెట్టుకొని ఉండల్ల."

పరీక్షలో ఏ తేడా రాలేదు. ఆ కాగితం చూపించడానికి మళ్ళీ గదిలోకి పోయినప్పుడు నాగలక్ష్మమ్మకు నోరు పూర్తిగా తిరిగొచ్చింది. తమ వీధిలో ఎవరెవరికి ఏ మచ్చలున్నాయో ఒక్కొక్కరే గుర్తుకు రాసాగారు. తిమ్మయ్యకు వీపు మీద తెల్లగా పొట్టు లేస్తుందే, అదేమి? శోభి అయ్యుంటుంది, చెమటకు వచ్చేదే, పూతమందుకు పోతుంది, తీసుకురా అన్నది డాక్టరు. చెల్లెలి కూతురికి మెడ చుట్టూ నల్లగా, ఎంత రుద్దినా పోదే? రుద్దొద్దు, షుగరు చూపించండి. పాలు పోసే మహానంది మోచేతి మీద పాలిపోయిన మచ్చ ఉండాది, ఆడ గిచ్చినా తెలీదంటాడే?

చివరిది విన్నాక మధులత కలం పక్కన పెట్టింది.

"అతణ్ణి మాత్రం ఈ వారమే పంపు. స్పర్శ తెలియని మచ్చను ఇడ్సిపెట్టగూడదు. అది కుష్ఠు కావచ్చు. భయపడాల్సిందేమీ లేదు, మందు ఉత్తగానే ఇస్తారు, ముందుగా మింగితే పూర్తిగా నయమవుతుంది. ఆలస్యమైతేనే చెయ్యి వంకర పోయేది."

బయట వరసలో వాళ్ళు గొణుగుతుంటే, "ఉండండప్పా, మా వీధి అయిపోనీండి" అన్నది నాగలక్ష్మమ్మ.

శివానిని ఇంటికి పంపిన రోజు, తల్లీ బిడ్డా మొదట కోయిలకుంట్లకే వచ్చారు. కొట్టం ముందు దిగీ దిగకముందే కృష్ణవేణమ్మ హారతి పళ్ళెంతో ఎదురొచ్చింది. బిడ్డను నాగమ్మే బతికించిందని ఊరంతా అనుకుంటున్నారట.

"పళ్ళెం దించక్కా" అన్నది నాగలక్ష్మమ్మ. "బతికించింది డాక్టర్లు. నా కాలు మింద ఉండేది పొయ్యి సెగ."

"సెగా?" కృష్ణవేణమ్మ ముఖం చిన్నబోయింది. "అయినా మే, ఆ డాక్టరుకు అన్నీ తెలుస్తాయా?"

"నీకు తెల్సిన దానికంటే ఎక్కువే తెల్సుక్కా. నీ మాట, నా మాట పట్టుకొనే ఈ పిల్ల ఆసుపత్రి గేటు దాటి వచ్చింది. ఇంకొక పూటయితే ఏమయ్యేదో!"

కృష్ణవేణమ్మ పళ్ళేన్ని నాగలక్ష్మమ్మ ముందు నుంచి పక్కకు తిప్పింది. హారతి మాత్రం బిడ్డకిచ్చి, మెటికలు విరిచి, అప్పటికప్పుడు ఇంట్లోకి పోయి ఒక గౌను తెచ్చి తొడిగింది. నాటు పనులయ్యేదాకా హులిగెమ్మ మధ్యాహ్నం పూట బిడ్డను కొట్టంలో దోమతెర కింద పడుకోబెట్టి పోయేది.

తిమ్మయ్య ఇటుకలు తెచ్చి, నడుమెత్తు దిమ్మె కట్టి, దాని మీద పొయ్యి పెట్టాడు. ముందరి పక్క సెగ తగలకుండా మట్టితో అడ్డుగోడ లేపాడు. నిలబడి రొట్టెలు తట్టడం రాక నాగలక్ష్మమ్మ వారం రోజులు అతణ్ణి తిట్టింది. రొట్టెలు గుండ్రంగా రాలేదు. హోటలువాళ్ళు ఇవేం ఆకారాలని అడిగారు. తర్వాత చెయ్యి కుదిరింది. నిలబడితే వీధి ఆ చివరిదాకా కనిపిస్తుందని, ఎవరు ఎక్కడికి పోతున్నారో కూర్చున్నచోటి నుంచి ఇన్నాళ్ళూ తెలియనే లేదని ఇప్పుడు ఆమే అంటోంది.

దసరా నాటికి మచ్చలు పలచబడ్డాయి. మహానంది మందు మింగుతున్నాడు, పాలు ఎప్పటిలాగే పోస్తున్నాడు. కొట్టానికి పసుపు పళ్ళెంతో ఎవరైనా వస్తే, ఆమె ముందు వాళ్ళ మచ్చ చూపించమంటుంది, చూసి, "నాకేం తెల్చు" అని, నంద్యాల బస్సు ఏ వేళకుందో చెబుతుంది.

ఒకరోజు పొద్దున్నే, వీధిలో ఇంకా ఎవరూ లేవకముందే, కృష్ణవేణమ్మ వచ్చి కొట్టం తలుపు చాటున నిలబడింది. అటూ ఇటూ చూసి చెప్పు విడిచి, అరికాలు ఎత్తి చూపించింది. మడమ దగ్గర నల్లటి మచ్చ. అంచులు వంకరటింకరగా ఉన్నాయి.

"పుట్టుమచ్చే అనుకుంటిని మే. ఈ ఏడు పెరిగినట్టుండాది. ఎవరికీ చెప్పొద్దు. నాకు భయమయితాంది."

నాగలక్ష్మమ్మకు పరాచికాలాడే అవకాశం అంతకన్నా మంచిది దొరకదు. కానీ ఆడలేదు. చేతులు కడుక్కొని, చీర మార్చుకొని, ఆమె చెయ్యి పట్టుకొని మొదటి బస్సు ఎక్కించింది. దారి పొడవునా కృష్ణవేణమ్మ అహోబిలం నరసింహస్వామికి మొక్కుతూనే ఉంది. మధులత ఆ మచ్చను భూతద్దంతో చూసి, "పెరిగే మచ్చను, రంగు మారే మచ్చను ఉంచుకోగూడదు, మంచి పని చేసినారు" అని, మత్తు సూది వేసి దాన్ని తీయించి పరీక్షకు పంపింది. పది రోజులకు ఫలితం వచ్చింది. చెడ్డదేమీ కాదు.

ఆ కబురు తెలిసిన సాయంత్రం ఇద్దరూ నంద్యాల బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిన్నారు. కుట్లు వేసిన కాలు నేల మీద ఆననీయకుండా కృష్ణవేణమ్మ ఒంటికాలి మీద నిలబడి తింటుంటే, నాగలక్ష్మమ్మ ఆమెను భుజం కింద పట్టుకొని, నవ్వు ఆపుకోలేక, చేతిలో బజ్జీ కాస్తా కింద పారేసుకుంది.